నేత్రదర్శనం

నేను తిరుమలలో స్వామిని సరిగా చూసింది ముప్పై ఏళ్ళు దాటాక. చిత్తూరులో పుట్టి, తిరుపతిలో కాపురముంటూ ఈ మాట చెప్పుకోవడం నామోషీయే. నా చూపు మైనస్ 13. అంటే కళ్ళద్దాలు తీస్తే, ముఖానికి ఎనిమిది సెంటీమీటర్లు దాటిన ప్రతి వస్తువూ నాకు పొగమంచే. సోడాబుడ్డి అద్దాలతో గంటలకొద్దీ క్యూలో నిలబడి, తీరా బంగారువాకిలి చేరేసరికి జనం ఊపిరి ఆవిరికి ఆ అద్దాలు మసకబారేవి. తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేలోగా "జరగండి, జరగండి" అంటూ ఎవరో భుజం పట్టి పక్కకు తోసేవారు. బయటికొచ్చాక మా అవ్వ అడిగేది.

"బాగా అగుపించినాడా నాయనా?"

"అగుపించినాడవ్వా."

అవ్వ దగ్గర అబద్ధమాడటం తేలిక. ఆవిడ అద్దాలు నా వాటికన్నా మందం. వేలూరులో శుక్లాలు తీయించుకుని వచ్చింది. ఆ కాలంలో చిత్తూరువాళ్ళకు కన్నంటే వేలూరు, కాకుంటే మద్రాసు. అరవింద్ వారి ఆసుపత్రి తిరుపతికి రావడం చాలా తర్వాతి మాట. అప్పట్లో మసకబారిన కటకాన్ని తీసేసి, ఆ చోట ఏమీ పెట్టకుండా, బయట తగిలించుకోవడానికి ఉబ్బెత్తు అద్దాలిచ్చి పంపేవారు. నిజానికి తీసిన చోట మరో కటకం పెట్టవచ్చునని లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే చేసి చూపించాడు. యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి పైలట్ల కళ్ళలో ముక్కలు దిగబడినా, కన్ను వాటిని పెద్దగా వ్యతిరేకించకపోవడం గమనించి, అదే తరహా ప్లాస్టిక్‌తో కటకం చేయించాడు. మధురైలో ఆరోల్యాబ్ 1992లో వాటిని చౌకగా తయారుచేయడం మొదలుపెట్టాక మనలాంటి ఇళ్ళకు అవి అందుబాటులోకొచ్చాయి. మా అవ్వ అంతకు ముందే వెళ్ళివచ్చింది.

ఆవిడ కంట్లోంచి కటకం తీశారు. 2015లో నా కంట్లో ఉన్నదాన్ని ఉంచి, మరొకటి చేర్చారు. శుక్లాల ఆపరేషన్‌కూ దీనికీ తేడా అదే.

మొదట లేసిక్ చేయించుకుందామనే వెళ్ళాను. కుదరదన్నారు. కార్నియా మందమే సుమారు అర మిల్లీమీటరు. లేజరుతో చెక్కేటప్పుడు ఒక్కొక్క పవరుకు దాదాపు పన్నెండు, పదిహేను మైక్రాన్లు పోతుంది. పదమూడు పవర్లు చెక్కితే ఇక మిగిలేదేమిటి? అందుకని ఐసీఎల్ అన్నారు. కొలాజెన్ కలిసిన మెత్తటి పదార్థంతో చేసిన పలుచని కటకం. కంటిపాప చుట్టూ ఉండే నల్లటి తెరకు వెనుక, సహజ కటకానికి ముందు, ఆ రెంటి మధ్యనున్న ఇరుకు సందులో కూర్చుంటుంది. అమెరికా ప్రభుత్వం దీని తొలి రూపాన్ని 2005లో అనుమతించింది. నాకు పెట్టినది నడుమ సన్నని రంధ్రమున్న తర్వాతి రకం. కంట్లోని నీరు ఆ రంధ్రం గుండా పారుతుంది గనుక, పాతరకానికి మల్లే ముందుగా లేజరుతో ఆ తెరకు చిల్లు పెట్టనక్కరలేదు.

ఆపరేషన్ కంటే పరీక్షలే ఎక్కువసేపు పట్టాయి. కంటి ముందుగది లోతు చాలినంత ఉందా, కార్నియా లోపలి పొరలో కణాలు తగినన్ని ఉన్నాయా, ఏడాదిగా పవరు నిలకడగా ఉందా అని చూశారు. కొలతలు వీళ్ళు తీసి పంపితే కటకం ఆ కొలతకు వస్తుంది. దర్జీ పనే, కాకపోతే తేడా వస్తే ఊడదీసి కుట్టడం సులభం కాదు. కటకం పెద్దదైతే కంట్లో ఒత్తిడి పెరగవచ్చు, చిన్నదైతే సహజ కటకాన్ని తాకి శుక్లం రావచ్చు.

మీలో ఎవరైనా దీనికి సిద్ధపడుతుంటే భయపడవలసింది ఆ ఇరవై నిమిషాల గురించి కాదు. చుక్కలమందు వేసి కంటిని మొద్దుబారుస్తారు. రెప్ప వాలకుండా కొక్కెం తగిలిస్తారు. నెత్తిమీద దీపం తప్ప మరేదీ కనిపించదు. మూడు మిల్లీమీటర్ల గాటులోంచి, చాపలా చుట్టిన కటకాన్ని గొట్టంతో లోపలికి పంపితే, అది అక్కడ నెమ్మదిగా విచ్చుకుంటుంది. నొప్పి లేదు, ఎవరో లోపలినుంచి నొక్కుతున్నట్టు బరువు మాత్రం ఉంది. కుట్లు లేవు. ఒత్తిడి చూడడానికి కొన్ని గంటలు కూర్చోబెట్టారు. వారం తర్వాత రెండో కన్ను.

మర్నాడు కంటిమీది మూత తీయగానే నేను చూసిన మొదటి దృశ్యం ఆసుపత్రి ఫ్యాను రెక్కలమీది దుమ్ము. అంత అందమైన దుమ్మును నేనింతవరకూ చూడలేదు.

ఆపరేషన్‌కు ముందు, అక్కడ నాతో మాట్లాడడానికి కూర్చోబెట్టినావిడ రంగుల కాగితమొకటి చేతికిచ్చి, "ఇకమీదట మీకు కళ్ళద్దాలక్కర్లేదు సార్" అంది. అది నిజమే. కానీ అంతటితో ఆపేసింది. తిరుపతికి వచ్చిన రాత్రి మేడమీదికెక్కి గాలిగోపురం వైపు చూస్తే, ప్రతి దీపం చుట్టూ ఒక వలయం! చీకట్లో కంటిపాప విప్పారి కటకం నడిమి భాగపు అంచులు దాటుతుంది. నడుమనున్న రంధ్రం అంచూ కొంత వెలుగును చెదరగొడుతుంది. చాలామందికి క్రమేణా తగ్గుతుంది, మెదడు పట్టించుకోవడం మానేస్తుంది అని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం నా కళ్ళు పాడయ్యాయనుకుని నిద్రపోలేదు.

రెండు నెలలాగి ఒక గురువారం కొండకు వెళ్ళాను. ఆ రోజు స్వామికి ఆభరణాలు సడలించి, నామం సన్నగా చేస్తారు. మామూలు రోజుల్లో కప్పబడివుండే కన్నులు కనిపిస్తాయి. గర్భాలయంలో నేతిదీపాలే గనుక నా వలయాలకు అంతకన్నా అనువైన చోటు లేదు. ఆ వెలుగు వలయాల మధ్య, ఆవిరి పట్టే అద్దాలేవీ అడ్డులేకుండా, రెండు కన్నులు కనిపించాయి. "జరగండి" అన్నారు. జరిగాను. బయటికొచ్చాక అడగడానికి అవ్వ లేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. 2021లో కుడికంట్లో నల్లటి చుక్కలు ఈదడం మొదలైంది, పక్కగా మెరుపు మెరిసినట్టూ ఉండేది. నాకిప్పుడు మైనస్ లేదుగదా అనే ధీమాతో నాలుగు రోజులు ఊరుకున్నాను. చూపిస్తే రెటీనా అంచున చిన్న చిరుగు. కర్టెను దింపినట్టు చూపులో కొంతభాగం మూసుకుపోయేదాకా ఆగకుండా వచ్చావు, అదృష్టవంతుడివి అన్నారు డాక్టరుగారు. చిరుగు చుట్టూ లేజరుతో గట్టుకట్టారు. "మేము తీసేసింది మీ కళ్ళద్దాలను. మీ కన్ను ఇంకా హ్రస్వదృష్టి కన్నే" అన్నారాయన. నా కనుగుడ్డు పొడవుగా సాగింది. లోపలి పొర కూడా దానితోపాటే సాగి పలుచబడింది. ముందర ఎంత చక్కని కటకం పెట్టినా వెనుక సాగిన పొర సాగినట్టే ఉంటుంది. ఈ ముక్క ఆ రంగుల కాగితంలో లేదు. చదివినవారికి నాలుగు రోజులైనా కలిసొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

నలభై దాటాక పేపరు చదవడానికి అద్దాలు కావలసివచ్చింది. అవి పలుచగా, అందంగా ఉన్నాయి. పాత సోడాబుడ్డివి బీరువాలో దాచాను. ఎప్పుడైనా పెట్టుకుని చూస్తే లోకం చిన్నదై, ఎక్కడో దూరంగా వణుకుతూ ఉంటుంది.

వచ్చే నెల నా వార్షిక పరీక్ష. కళ్ళలో చుక్కలమందు వేస్తారు, సాయంత్రం వరకూ ఏదీ ఆనదు. బండి తీసుకుపోకుండా ఆటోలో వెళ్ళాలి.