పెరట్లో పొద



మందిరం వెనుక పెరడు మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోక చిట్టడవిలా పెరిగింది. ఈమధ్య సంఘంలోని ఒక మామ్మగారు అద్దె ఇంటికి మారారు. అక్కడ కోళ్లకు చోటు లేదు. ఉన్నవి ఆరు పెట్టలు, ఒక పుంజు. ఆ గుడ్ల డబ్బే ఆమె బీపీ మాత్రలకూ, మనవడి పుస్తకాలకూ. "అమ్మెయ్యమంటారా అయ్యగారూ?" అని అడిగారు. వద్దు, పెరడు బాగుచేద్దాం అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు యౌవనస్థులు కొడవళ్లతో వచ్చారు. ముందు కర్రతో నేలమీద కొడుతూ ఒక చుట్టు తిరిగాం, పాములుంటే తప్పుకుంటాయని. వయ్యారిభామ పీకేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాల్సిందే; దాని పుప్పొడి పడని వాళ్లకు దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఉమ్మెత్త, ఆముదం మొక్కలను వేళ్లతో సహా తీశాం. వాటి గింజలు విషం. కోళ్లు మామూలుగా అలాంటివి ముట్టవంటారు గానీ మేత చాలని రోజున ఏం పొడుస్తాయో ఎవరికి తెలుసు?

మొక్కలకంటే మనుషులు పారేసినవే ఎక్కువ భయపెట్టాయి. గాజు పెంకులు, బ్లేడు ముక్కలు, ఇనుప తీగలు, అడుగున కాస్త మందు మిగిలిన కలుపుమందు డబ్బా. మెరిసేది ఏదైనా కోడి పొడుస్తుంది. మేకు మింగితే అది కందనకాయను చీల్చేస్తుంది. రెండు బస్తాలు ఏరాం. సర్కారు తుమ్మ కొట్టిన చోట ముళ్లన్నీ ఊడ్చాం. కాలిలో ముల్లు విరిగితే పాదం చీము పట్టి కోడి కుంటుతుంది.

కుర్రవాళ్లు ఊపుమీద మందార, కరివేపాకు పొదలమీదికి కూడా వెళ్లారు. మామ్మగారు గట్టిగా కేకేశారు: "అవి కొట్టకండి నాయనా! గద్ద వస్తే పిల్లలు ఎక్కడ దూరతాయి?"

నాకు లూకా 13వ అధ్యాయం గుర్తొచ్చింది. ప్రభువు హేరోదును నక్క అన్నాడు. రెండు వచనాలు దాటగానే తనను పిల్లలను దగ్గరికి చేర్చుకునే కోడితో పోల్చుకున్నాడు. ప్రసంగాల్లో మనం రెక్కల గురించే చెప్పి నక్కను వదిలేస్తుంటాం. ఆ మాట చెప్పేటప్పుడు నక్క ఇంకా బతికే ఉంది. దాన్ని చంపేస్తానని ఆయన అనలేదు. పిల్లలు రెక్కల కిందికి రానందుకు ఏడ్చినట్టుంటుంది ఆ మాట.

ఆ రెండు పొదలూ ఉంచాం. కింద ముంగిస దాగకుండా జానెడు ఎత్తు వరకు కొమ్మలు కత్తిరించాం. పైన మాత్రం గుబురుగానే ఉంది.

రాత్రి గూటికి మామూలు కోళ్ల వల చాలదు, కుక్క చింపేస్తుంది. అర అంగుళం వెల్డెడ్ మెష్ కట్టి, అడుగు లోతు మట్టిలోకి దించి, చుట్టూ రాళ్లు పేర్చాం. తలుపుకు రెండు గడియలు. ఖర్చు ఎక్కువైందని కమిటీలో ఒకరు సణిగారు. సణగనివ్వండి.

మామ్మగారు రోజూ మునిమాపు వేళ వచ్చి ఏడూ లెక్కపెట్టి గడియ వేస్తారు. మొన్న లెక్కకు ఆరే వచ్చాయి. టార్చి వేసి చూస్తే ఒక పెట్ట మందార కింద గుడ్లమీద కూర్చుని ఉంది. చీకట్లో అయితే అంతగా బెదరదని, గుడ్లతో సహా గంపలోకి మార్చి గూట్లో పెట్టాం. నా చేతిమీద రెండు చోట్ల పొడిచింది. పదకొండు గుడ్లున్నాయి.