లిస్టుల మా పేరు

ఎలక్షన్లు దగ్గరికొస్తే మేము ముస్లింలమని ఊరందరికీ యాదికొస్తది. మిగతా నాలుగేండ్ల పదకొండు నెలలు మేము ఆటో నడిపెటోళ్లం, వెల్డింగు చేసెటోళ్లం, మండిబజార్ల మూటలెత్తెటోళ్లం. ఆ ఆఖరి నెల మాత్రం 'మైనార్టీ వోట్లు' అయితం. గల్లీల కుర్చీలు పడ్తయి. సలాం అనడం సరిగ్గ రానోళ్లు గూడ సలాం అంటరు. షాదీఖానా కట్టిస్తమంటరు, ఖబరస్తాన్‌కు గోడ పెట్టిస్తమంటరు. వాళ్లు చెప్పిన గోడలన్నీ లేస్తే ఈపాటికి మా మురుదాలకు కోట కట్టినట్టయ్యేది, ఓరుగల్లు కోట దానిముందు చిన్నబోయేది.

"మీరంతా ఒక్కదిక్కే గుద్దుతరట గదా?" చాయ్ హోటల్ల మా పక్కన కూసున్న మనిషి నవ్వుకుంటనే అడుగుతడు. మా ఇంట్లనే నాలుగు వోట్లు నాలుగు దిక్కుల పోతయని చెప్తే నమ్మడు. అందుకనే ఈ ఊరి వోట్ల లెక్క ఒకసారి వెనకకు తిప్పి చూసినం.

1948ల పోలీస్ యాక్షన్ అయ్యింది. నాలుగేండ్లకు, 1952ల, మొదటి ఎలక్షన్లు. హైదరాబాదు రాష్ట్రంల కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండె గనక వాళ్లు పీడీఎఫ్ పేరుతోటి నిలబడ్డరు. వరంగల్ పార్లమెంటు సీటు పెండ్యాల రాఘవరావు గెలిచిండు. మా దాదీ అప్పుడు గడప దాటలే. దాదా దాటనియ్యలే. ఎందుకో తర్వాత చెప్తం.

1957ల దాదీ మొదటిసారి వోటేసింది. అప్పుడు కాగితం మీద ముద్ర గుద్దుడు లేదు. పోటీల ఉన్న ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా, డబ్బా మీద గుర్తు. మనకు నచ్చిన డబ్బాల కాగితం వేసి రావాలె. దాదీ జోడెడ్ల డబ్బాల వేసింది. గెలిచిన కాంగ్రెస్ మనిషి పేరు సాదత్ అలీ ఖాన్. పోలీస్ యాక్షన్ అయి తొమ్మిదేండ్లు. 'రజాకార్ల సంతతి' అని మమ్మల్ని ఇంకా గుర్రుగ చూస్తున్న రోజులు. ఆ రోజులల్ల, చుట్టూ ఉన్న ఊర్ల తెలుగు రైతులు, పద్మశాలీలు, మాలమాదిగలు వోటేస్తేనే ఒక ఖాన్ సాబ్ ఢిల్లీకి పోయిండు. 1962ల బాకర్ అలీ మీర్జా పోయిండు. మా వోట్లతోటే గెలిచే లెక్క కాదది. కాంగ్రెస్ గాలి అంటరా? ఒప్పుకుంటం. గాలే అయితేంది, ఆ గాలికి మా పేర్లు అడ్డం రాలేదు గదా!

అయితే ఇంకో మాట గూడ దాచం. సాదత్ అలీ ఖాన్ 1952ల ఇబ్రహీంపట్నం నించి గెలిచి మా దగ్గరికొచ్చినోడు. బాకర్ అలీ మీర్జా 1967కు సికింద్రాబాదు సీటుకు పోయిండు. పెద్ద చదువులు, పెద్ద ఇండ్లు. వాళ్ల ఉర్దూ మాకు సగమే సమజయ్యేది, మా ఉర్దూ వింటే వాళ్లకు నవ్వొచ్చేది. దూదేకెటోళ్లు, చేపలమ్మెటోళ్లు, బీడీలు చేసెటోళ్లు వాళ్ల గుమ్మం దాక పోయిన ముచ్చట మా ఇంట్ల ఎవ్వరూ చెప్పలే. పేరు మాది, పెత్తనం వాళ్లది.

1971ల తెలంగాణ ప్రజా సమితి నించి ఎస్.బి.గిరి గెలిచిండు. 1977ల మళ్లీ ఆయనే, ఈసారి కాంగ్రెస్ల.

1980 జనవరి ఎలక్షన్లది మాత్రం మా ఇంటి కథ. కాంగ్రెస్ నించి కమాలుద్దీన్ అహ్మద్ నిలబడ్డడు. మా అబ్బా అప్పుడు ఆజంజాహీ మిల్లుల పనిచేస్తుండె. అన్నారం యాకూబ్ షావలీ దర్గాకు మొక్కుకుంటె పుట్టిన బిడ్డ గనక అబ్బాకు ఆ పీరు పేరే పెట్టిన్రు. మా దిక్కు ఆ దర్గాకు అందరూ మొక్కుతరు. ముస్లిం ఇంట్ల పుడితే యాకూబ్, హిందువుల ఇంట్ల పుడితే యాకయ్య, యాకమ్మ. లిస్టు రాసినాయన ఏమనుకున్నడో ఏమో, అబ్బాను యాకయ్య అని రాసిండు.

బూతుల ఒక పార్టీ ఏజెంటు లేచి అడ్డం పడ్డడు. "ఈయన సాయిబు. యాకయ్య ఎట్లయితడు?" అబ్బా చేతుల చిట్టీ పట్టుకొని నిలబడ్డడు. వెనక లైన్ల జనం గొణుగుతున్నరు. అవతలి పార్టీ ఏజెంటు మిల్లుల అబ్బాతో పాటు అదే షిఫ్టు చేసెటాయన. ఆయన కుర్చీలకెల్లి లేవకుండనే, "యాకయ్యనే సార్, మిల్లుల మేమందరం గట్లనే పిలుస్తం" అన్నడు. అది నిజమే. మిల్లుల గట్లనే పిలిచేటోళ్లు. అబ్బా అవునన్లేదు, కాదన్లేదు. ఏలు ముందుకు పెట్టిండు. సిరా పెట్టిన్రు.

ఇంటికొచ్చి నవ్విండు. "ఒక ముస్లింకు వోటెయ్యనీకె నేను యాకయ్యనైన."

మేమందరం నవ్వినం. దాదీ నవ్వలే. చానాసేపు ఊకుండి అప్పుడు చెప్పింది. 1948ల దాదా బీదరు దిక్కు పనికి పోయిండట. పోలీస్ యాక్షన్ అప్పుడు అక్కడ ఊర్లల్ల మావోళ్లను పేరడిగి చంపుతుంటే, గడ్డం తీసేసి, బొట్టు పెట్టుకొని, యాకయ్యనని చెప్పుకుంట కాలినడకన ఇల్లు చేరిండట. ముప్పై రెండేండ్లు ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. 1952ల ఆమెను బూతుకు ఎందుకు పోనియ్యలేదో మాకు అప్పుడు తెలిసింది. పదిమందిల నిలబడి పేరు చెప్పుడంటే దాదాకు అంత భయం.

ఆ ఎలక్షన్ల కమాలుద్దీన్ గెలిచిండు. మా ఊరి సీటు నించి గెలిచిన ఆఖరి ముస్లిం ఆయనే.

పక్కనున్న హన్మకొండ సీటుది ఇంకో తీరు. 1977ల, 1980ల పి.వి.నరసింహారావు. 1984ల ఆయనను చందుపట్ల జంగారెడ్డి ఓడగొట్టిండు. దేశం మొత్తంల బీజేపీకి అప్పుడొచ్చినయి రెండే సీట్లు, అండ్ల ఇదొకటి. మళ్లీ 1989ల, 1991ల, 1996ల అదే సీటుల కమాలుద్దీన్ అహ్మద్! జంగారెడ్డికి గుద్దిన చేతులల్ల ఎన్ని చేతులు కమాలుద్దీన్‌కు గూడ గుద్దినయో? మమ్మల్ని 'గుంపు' అనేటోళ్లు ఈ లెక్క ఎట్ల చెప్తరు? పి.వి. ప్రధాని, కమాలుద్దీన్ ఆయన ప్రభుత్వంల సహాయమంత్రి. 1992 డిసెంబర్ 6 రాత్రి రేడియో ముందు కూసున్న మా గల్లీకి ఇద్దరూ మా జిల్లా వోట్లతోటి ఎదిగినోళ్లేనని యాదికొచ్చింది. ఆ రాత్రి ఎవ్వరూ అన్నం తినలే.

2009 నించి హన్మకొండ పార్లమెంటు సీటే లేదు. వరంగల్ ఎస్సీ రిజర్వు అయ్యింది. దళిత అన్నదమ్ములకు సీటొచ్చిందని మాకు కుళ్లు లేదు, వాళ్లకు రావాల్సినంత ఇంకా రానేలేదు. మా బాధ వేరే. మాలో మెహతర్లున్నరు, పాయఖానలు ఎత్తినోళ్లు. వాళ్లు ఎత్తింది ఏ మతం మలమో? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే ఎస్సీలన్నది. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు. ముస్లింలను, క్రైస్తవులను కలపలే. మతం అడ్డం పెట్టొద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007ల చెప్పింది, ఆ కాగితం ఆడనే ఉన్నది. మా గల్లీ మెహతర్ పిల్లగాడు డిగ్రీ పాసయ్యి అడిగిండు: "భాయ్, నేను ఎంపీకి నిలబడొచ్చునా?" మన ఊర్ల కాదు బేటా అన్నం. అదే పని చేసే పక్కింటాయన కొడుకు నిలబడొచ్చు. మా పిల్లగాడు వోటెయ్యొచ్చు.

2023ల తెలంగాణ అసెంబ్లీకి గెలిచిన ముస్లింలు ఏడుగురు. ఏడుగురూ ఒకటే పార్టీ, అందరూ హైదరాబాదు నగరంల సీట్లోళ్లే. ఖాన్ సాబ్‌ను గెలిపించిన జిల్లాలల్ల ఇప్పుడు మా పేరు బీ-ఫారం దాకనే రాదు. 'మీవోళ్లకిస్తే గెలువరు' అంటరు. 1957ల గెలిచిన్రు గదా అంటే, అప్పటి రోజులు వేరే అంటరు. పోలీస్ యాక్షన్ అయిన తొమ్మిదేండ్లకంటే ఇప్పటి రోజులు అధ్వాన్నమా?

2024 మే 13న మళ్లీ లైన్ల నిలబడ్డం. అబ్బా పోయి చానా ఏండ్లయింది. మా పేర్లు ఈసారి సక్కగనే పడ్డయి, ఫొటోలు గూడ మావే. తండ్రి పేరు కాడ మాత్రం అందరికీ యాకయ్య అనే ఉన్నది. ఏజెంటుగ కూసున్న పిల్లగాడు ఒకసారి లిస్టు దిక్కు, ఒకసారి మా దిక్కు చూసిండు. ఏమనలే. సరిచెయ్యమని ఫారం-8 నింపి ఇచ్చినం. తమ్ముడు మాత్రం ఇయ్యనన్నడు. ఉండనియ్యి, అబ్బాను మిల్లుల గట్లనే పిలిచేటోళ్లు గదా అన్నడు.