వెనక్కి వెళ్ళని చినరీ

ఆన్‌సైట్ పేరుతో హాంకాంగ్‌లో ఉన్న ఆర్నెల్లలో నేను చేసిన పనికొచ్చే పని ఒక్కటే, ఓ ఆదివారం వంతెన మీద బస్సెక్కి మకావ్ వెళ్ళడం. మా వాళ్ళందరూ కాసినోలకి పోతే నేను శ్మశానానికి వెళ్ళా. నవ్వకండి, నెలాఖరు మరి! అక్కడి పాత ప్రొటెస్టెంట్ శ్మశానంలో జార్జ్ చినరీ సమాధి ఉంది. 'వైట్ మొఘల్స్' చదివినప్పట్నుంచీ ఈయన నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాడు.

1774లో లండన్‌లో పుట్టాడు. డబ్లిన్‌లో తను అద్దెకున్న ఇంటివాళ్ళ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. 1802లో వాళ్ళని వదిలేసి మద్రాసు ఓడెక్కాడు. అప్పటికాయనకి ఇరవయ్యెనిమిదేళ్ళు, అంటే ఇప్పుడు నాకున్నన్ని. కెమెరాల్లేని కాలం కదా, ఇక్కడ డబ్బు చేసుకున్న కంపెనీ దొరలకి తమ మొహాలు గీయించుకుని ఇంటికి పంపాలని ఉండేది. ఆ గిరాకీ కోసమే ఈయనకంటే ముందు టిల్లీ కెటిల్, జొఫానీ లాంటివాళ్ళు వచ్చి సంపాదించుకు వెళ్ళారు.

1805లో మద్రాసులో చినరీ ఇద్దరు పిల్లల్ని గీశాడు. హైదరాబాద్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల కొడుకూ కూతురూ. మనం కోఠీ ఉమెన్స్ కాలేజీ అని పిలుచుకున్న ఆ భవనం కట్టించింది ఆ కిర్క్‌పాట్రిక్కే. బొమ్మలో పిల్లలు హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో ఉంటారు. ఆ పాపకి అప్పటికి మూడేళ్ళు. ఆ బొమ్మ గీశాక పిల్లల్ని ఇంగ్లండు ఓడెక్కించేశారు. ఆ అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో పోయాడు. తల్లి 1813లో చనిపోయేదాకా వాళ్ళని మళ్ళీ చూడలేదు. ఎన్నో ఏళ్ళకి, పెద్దదైన ఆ కూతురు ఇంగ్లండులో హెన్రీ రస్సెల్ ఇంట్లో ఈ బొమ్మ కనబడితే ఏడ్చేసిందట.

ఇంత బొమ్మ గీసిన మనిషి తన సొంత పిల్లల్ని తలుచుకున్నాడా లేదా అని నాకో అనుమానం. కలకత్తాలో పెద్ద పేరొచ్చింది, బాగా సంపాదించాడు, అంతకంటే బాగా అప్పులు చేశాడు. 1818లో భార్య వెతుక్కుంటూ వచ్చేసింది. కొన్నాళ్ళకి ఈయన అప్పులవాళ్ళ నుంచి తప్పించుకోడానికి డేనిష్ వాళ్ళ శ్రీరాంపూర్‌లో దాక్కుని, 1825లో ఏకంగా మకావ్ పారిపోయాడు. కాంటన్‌లోకి విదేశీ ఆడవాళ్ళని రానివ్వరు కాబట్టి, భార్య వస్తే అక్కడికి పోతానని జోకులేసేవాడట. (ఆవిడకి ఆ జోకు చేరిందో లేదో.)

ఇక్కడ కూడా పొట్టకూటికి గీసింది పెద్దవాళ్ళ మొహాలే. వాళ్ళలో నల్లమందు వ్యాపారం చేసిన జార్డైన్ కూడా ఉన్నాడు. ఆ బొమ్మల్లో తళుకే ఎక్కువని నా అభిప్రాయం. అసలు చినరీ పెన్సిల్ స్కెచ్చుల్లో ఉన్నాడు. పొద్దున్నే వీధుల్లోకి పోయి మంగళ్ళనీ, కమ్మరినీ, జూదగాళ్ళనీ, పడవ నడిపే ఆడవాళ్ళనీ, ఆఖరికి పందుల్ని కూడా గీసుకునేవాడు. అంచుల్లో షార్ట్‌హ్యాండ్‌లో తనకి తనే నోట్సు రాసుకునేవాడు. మనం కోడ్‌లో కామెంట్లు రాసుకున్నట్టే అనుకోండి, కాకపోతే ఈయనవి ఇప్పటికీ చదివేవాళ్ళున్నారు.

1852లో మకావ్‌లోనే పోయాడు. మద్రాసులో దిగిన దగ్గర్నుంచి దాదాపు యాభై ఏళ్ళు, ఒక్కసారైనా ఇంగ్లండు వెళ్ళలేదు. మొదట్లో "కాస్త సంపాదించుకుని వెళ్ళిపోదాం" అనే అనుకుని ఉంటాడు. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, నేను అనుకుంటున్నానంతే. ఎందుకంటే నేనూ అమ్మకి ఇప్పటికి మూడుసార్లు "వచ్చే నెల వచ్చేస్తానమ్మా" అని చెప్పా. మూడుసార్లూ ఎక్స్‌టెన్షన్‌కి సరేనన్నా. మొదటిది ప్రాజెక్టు కోసం, మిగతా రెండూ క్రెడిట్ కార్డు కోసం.

సమాధి దగ్గర ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. పక్కనే ఎవరో స్కూలు పిల్లలు చెట్టుకింద బొమ్మలు గీసుకుంటున్నారు. తిరుగు బస్సులో ఫోన్ తీసి, నాలుగో ఎక్స్‌టెన్షన్ మెయిల్‌కి "కుదరదు" అని జవాబు కొట్టా. మేనేజరు ఇప్పటిదాకా రిప్లై ఇవ్వలేదు. అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు, ఈసారి టికెట్ చేతికొచ్చాకే చెబుతా.