బల్లపరుపు నేల, కుట్టిన మోకాలు

విశాఖ మనిషి గుడివాడలో దిగితే ముందు వెతుక్కునేది కొండని. ఎటు చూసినా బల్లపరుపే! వరిచేలు, మధ్యమధ్య చేపల చెరువులు. మోకాలిచిప్ప కింది టెండన్ తెగి, కుట్టించుకుని, వారాల తరబడి బ్రేసులో కాలు చాపుకుని గడిపినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? డాక్టరు సరేనన్నాకే బయల్దేరాను లెండి.

బందరు రైల్లో కూర్చుని, మడమని నేల మీద ముందుకీ వెనక్కీ జరుపుతున్నాను. ఎదుటాయన సంచి పక్కకి లాగి, "తిమ్మిరెక్కిందా?" అన్నాడు. వ్యాయామమంటే నమ్మలేదు. నిజానికి ఇవి చూడ్డానికి వ్యాయామాల్లా ఉండవు. తొడ బిగించి, ఐదు లెక్కపెట్టి వదలడం, పాదం పైకీ కిందికీ ఆడించడం, అంతే.

బందరులో తొక్కుడు లడ్డు తిన్నాను. శనగపిండి పూస వేయించి, దంచి, పాకం, నెయ్యి పట్టించి మళ్ళీ దంచుతారట. మా మాడుగుల హల్వా నోట్లో కాసేపు సాగుతుంది, ఇది పంటికి పని చెప్పదు. బరువు తగ్గమన్న ఫిజియో మాట రెండో లడ్డు దాకా గుర్తు రాలేదు.

మంగినపూడి బీచిలో ఇసుక ఏదని చూస్తే నల్లమట్టి! మా దగ్గర నాలుగడుగులేస్తే సముద్రం లోపలికి లాగేస్తుంది, ఇక్కడ చాలా దూరం దాకా లోతుండదు. నీళ్ళలో నడక మోకాలికి మంచిదే, నడుంలోతుకి వెళ్తే ఒంటి బరువు సగం నీరే మోస్తుంది. కానీ బురదలో దిగబడ్డ పాదాన్ని పీక్కోవడం కొత్త కుట్టుకి పనికిరాదు. గట్టినేల మీదే తిరిగాను.

కృష్ణ దాటి, దివిసీమలో హంసలదీవికని బయల్దేరి దారి తప్పాను. ఏ మలుపు తిరిగినా అదే చెరువు, అదే గట్టు. ఓ పెద్దావిడ "కూర్చో బాబూ" అని పీట వేసింది. జానెడెత్తు పీట! నా మోకాలింకా అంత వంగదు. (మీరు వెళ్తే మడతకుర్చీ పట్టుకెళ్ళండి.) నులకమంచం వాల్చింది గానీ, అది కుంగుతుంది. చివరికి అరుగు మీద వెల్లకిలా పడుకుని, కాలు కర్రలా బిగించి, అడుగెత్తు లేపి నెమ్మదిగా దించాను. లేపేటప్పుడు మోకాలు వంగిందంటే తొడకండరానికి ఇంకా పట్టు రానట్టే.

"ఎవరికి బాబూ, కాలితో దణ్ణం?" అందావిడ.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఈ తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు, స్తంభాల మీద ఎత్తుగా. ఇంత చదును నేలలో నాకు దొరికిన మెట్లు అవే. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కుట్టినకాలు ముందు అని పెద్దావిడ మనవడికి చెప్పాను. ఇక వాడే మేస్టారు. పైదాకా "మంచికాలు! మంచికాలు!" అని అరుస్తూ ఎక్కించాడు. దిగేటప్పుడు అలవాటుగా అదే ముందుకి వేయబోతే చొక్కా పట్టుకు ఆపేశాడు.