బరువు తగ్గడం ఆగిపోయిందా? మీరు ఆగకండి

బరువు తగ్గాలని పూనుకున్నవారికి మొదటి నెల కొత్త అల్లుడికి అత్తారింట్లో జరిగే మర్యాదలాంటిది. అడగకుండానే అన్నీ అందుతాయి. అన్నం కాస్త తగ్గించి, తీపి మానేసి, పొద్దున్నే నాలుగడుగులు నడిస్తే చాలు, మూడు నాలుగు కిలోలు ఇట్టే దిగిపోతాయి. ఎదురుపడ్డవాళ్లంతా "చిక్కినట్టున్నారే!" అంటారు. బీరువాలో మూలకు తోసిన జాకెట్లు మళ్లీ పడతాయి. నాలుగో నెలో, ఐదో నెలో వచ్చేసరికి అల్లుడు పాతబడతాడు. అదే తిండి, అదే నడక. తూకం మీద అంకె మాత్రం కదలదు.

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం - ఈ అడవి అంచు ఊళ్ల నుంచి నా దగ్గరికి వచ్చేవారిలో ప్రయత్నమే మొదలుపెట్టనివారు తక్కువ. బాగా మొదలుపెట్టి, మధ్యలో అంకె కదలక విసుగెత్తి మానేసినవారే ఎక్కువ. పాల్వంచ నుంచి వచ్చే ఒక ఉపాధ్యాయిని సంగతే చూడండి. ఆవిడ తల్లి మధుమేహంతో చూపు పోగొట్టుకున్నారు. ఈవిడకూ రక్తంలో చక్కెర హద్దు దగ్గరికి వచ్చింది. ఆ భయంతో 80 కిలోల నుంచి 72కి దిగారు. అక్కడ ఆగిపోయింది.

"గంటసేపు నడుస్తున్నానండీ డాక్టరుగారూ. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలే తింటున్నా. నెలన్నర నుంచి గ్రాము కదల్లేదు. నా ఒళ్లే అంత. ఇంక నా వల్ల కాదండీ" అన్నారు.

ఈ చివరి రెండు మాటలే ప్రమాదం. తూకం ఆగినందువల్ల ఎవరికీ నష్టం లేదు. తూకం ఆగిందని మనిషి ఆగిపోతేనే నష్టం. కనుక అసలు ఆగడమంటే ఏమిటో ముందు తెలుసుకుందాం.

వానాకాలంలో భద్రాచలంలో అందరి చెవులూ గోదావరి నీటిమట్టం మీదే ఉంటాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ఊరిది. "నీటిమట్టం నిలకడగా ఉంది" అని చెప్పినంత మాత్రాన గోదావరి పారడం మానేసిందని ఇక్కడ చిన్నపిల్లవాడు కూడా అనుకోడు. పైనుంచి ఎంత వస్తోందో కిందికీ అంతే పోతోందని దాని అర్థం. ఒంటి బరువు నిలిచిపోవడానికీ అర్థం ఇదే. లోపలికి వచ్చే ఆహారశక్తీ, ఖర్చయ్యే శక్తీ సమానమయ్యాయి. అంతకుమించి అందులో మీ తలరాత గాని, మీ చేతగానితనం గాని లేవు.

మరి తిండి అదే, నడక అదే అయినప్పుడు లెక్క ఎందుకు సమానమైంది? దీనికి రెండు కారణాలున్నాయి. 80 కిలోల ఒంటిని నడిపించడానికి, వెచ్చగా ఉంచడానికి పట్టే ఖర్చు 72 కిలోల ఒంటికి పట్టదు. బండి తేలికైతే ఎద్దులకు శ్రమ తగ్గినట్టే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2016 లో దీన్ని లెక్కగట్టి చూపారు. ఒక్కో కిలో తగ్గినప్పుడల్లా ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. ఆకలి మాత్రం సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది. అంటే ఎనిమిది కిలోలు తగ్గిన మనిషిని ఆకలి ప్రతిరోజూ దాదాపు 800 కేలరీలు ఎక్కువ తినమని తొందరపెడుతూ ఉంటుంది. ఆవిడ ఆ తొందరను నెలల తరబడి ఓర్చుకుంటూ 72 దగ్గర నిలబడ్డారు. దీన్ని ఓటమి అంటే నేనొప్పుకోను.

రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులు పరిశోధన కోసం 24 వారాలు అర్ధాకలితో గడిపారు. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త వారిని కనిపెట్టి చూశారు. వారి ఒళ్లు ఖర్చు తగ్గించుకుంది, గుండె నెమ్మదిగా కొట్టుకుంది, రాత్రింబవళ్లూ తిండి ధ్యాసే. కరువుకాలంలో మనిషిని బతికించడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటది. మీ ఒంటికి కరువుకీ, మీరు కావాలని పెట్టుకున్న పథ్యానికీ తేడా తెలియదు.

అందుకే, అంకె ఆగిందని కోపం తెచ్చుకుని తిండి మరీ తగ్గించేయకండి. పూర్తిగా పస్తులుంటే నాలుగు రోజులు అంకె దిగుతుంది. అయిదో రోజు ఆకలి వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. కొవ్వుతోపాటు కండ కూడా కరిగి ఒళ్లు నీరసిస్తుంది.

అసలు మీ బరువు నిజంగా ఆగిందా అన్నది ముందు చూసుకోండి. వారం, పదిరోజులు కదలకపోతే దాన్ని ఆగడం అనరు. కొత్త ఆవకాయ కలిపిన వారంలో ఉప్పు ఎక్కువై ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆడవారికి నెలసరి ముందు కిలో, కిలోన్నర పెరగడం మామూలే. మలబద్ధకం ఉన్నా అంతే. వారానికి ఒకే రోజు, పొద్దున్నే కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు, ఒకే యంత్రం మీద తూగండి. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన రాసి చూడండి. నాలుగూ ఒకటిగానే ఉంటే అప్పుడు ఆగిందనుకోవాలి.

అప్పుడైనా వంటింట్లో లెక్క చూడందే ఒంటిని నిందించకూడదు. ఆ ఉపాధ్యాయినిని నేనడిగిన మొదటి ప్రశ్న "మీ ఇంట్లో నెలకు నూనె ఎంత?" అని. నలుగురికి అయిదు లీటర్లన్నారు. అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, దాదాపు 340 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల ఆహారానికి చూపిన నూనె 27 గ్రాములే. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లతో సరిపెట్టుకుంటే మనిషికి రోజుకు 130 కేలరీలు పైగా కలిసివస్తాయి. ఎవరి కంచంలోనూ వెలితి కనిపించదు. చపాతీల సంగతీ అంతే. నూనె రాసి కాల్చిన రెండు చపాతీలు, చిన్న కప్పు అన్నం కంటే తేలికేమీ కాదు. రెండు చెంచాల పంచదార వేసిన టీ నాలుగుసార్లు తాగితే పంచదారే 160 కేలరీలు. మొదటి నెలలో కొలిచి వేసుకున్న అన్నం నాలుగో నెలకు చేతివాటంతో వేసుకుంటాం. హస్తవాసి ఎప్పుడూ ఉదారమే! మళ్లీ నాలుగు రోజులు గ్లాసుతో కొలిచి చూడండి. అన్నానికి ముందు కూర ఒక కప్పు తినండి. పప్పు, ఉలవలు, గుడ్డు, చేప, మజ్జిగ - వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉంటే ఆకలి తొందర కొంత తగ్గుతుంది.

ఇక ఖర్చు వైపు చూద్దాం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, దానికి తోడు రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడక చాలామంది చేస్తారు, ఆ రెండో పని ఎవరూ చేయరు. దానికి వ్యాయామశాలే అక్కర్లేదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులానించి పదిసార్లు వంగి లేవండి. రెండు నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు పైకెత్తి దించండి. కాసేపు ఆగి మళ్లీ ఒకసారి. కండ నిలబడితే ఒంటి ఖర్చు మరీ పడిపోకుండా ఉంటుంది. మన వైపు వేసవి ఎండల సంగతి మీకు తెలిసిందే. ఆ రోజుల్లో సూర్యోదయానికి ముందే నడక ముగించండి. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ముందుగా తమ వైద్యుణ్ణి అడగండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కదలిక లేకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్ లోపం, కొన్ని మధుమేహం మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, స్టెరాయిడ్లు బరువును పట్టి ఉంచుతాయి. మోకాళ్ల నొప్పులకని ఎవరో ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండే ప్రమాదముంది. రాత్రి షిఫ్టులు చేసే గని కార్మికులకు నిద్ర చెడి ఆకలి పెరుగుతుంది. వాడుతున్న మందులు మాత్రం మీ అంతట మీరు మానకండి. బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025 లో మన దేశానికి బాగా వచ్చాయి. అవసరమైనవారికి అవి మేలు చేసేవే. వాటితోనూ ఒకచోట బరువు ఆగుతుంది, మానేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. కనుక అలవాట్ల పని వాటితో తీరిపోదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఉత్సాహం ఎందుకు చచ్చిపోతుంది? దాన్ని మనం ఒక్క అంకెకు కట్టేశాం కనుక. మద్రాసులో, అంటే నేటి చెన్నైలో, డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు మధుమేహం హద్దు మీద ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్లు గమనించి 2006 లో ఫలితాలు ప్రకటించారు. ప్రత్యేక సలహా ఏదీ లేనివారిలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి దిద్దుకుని, నడక పెట్టుకున్నవారిలో 39 మందికే వచ్చింది. ఇందులో విశేషమేమిటో తెలుసా? ఆ రెండోవారి బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! తూకం చూసి "ఏం లాభం" అని వారు మానేసి ఉంటే ఆ మేలు జరిగేది కాదు. అంకె కదలని నెలల్లో కూడా మీ నడక మీ రక్తంలో పని చేస్తూనే ఉంటుంది.

కనుక కొలతలు మార్చండి. నడుం కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకుండా ఉండటం మంచిది. బరువు ఆగినా నడుం తగ్గుతూ ఉండొచ్చు. మూడు నెలలకొకసారి చక్కెర, రక్తపోటు చూపించుకోండి. భద్రాద్రి రాముడి గుడి మెట్లో, ఖమ్మంలో స్తంభాద్రి నరసింహస్వామి గుట్టో ఎక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగారో గుర్తుపెట్టుకోండి. మోకాళ్లు అరిగినవారిలో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005 లో ఒక పరిశోధన తేల్చింది. తగ్గిన ఎనిమిది కిలోలు ఎక్కడికీ పోలేదు. మీరు వేసే ప్రతి అడుగులోనూ ఉన్నాయి.

మన అడవి పల్లెల్లో అంగన్‌వాడీ టీచరు చంటిబిడ్డ బరువును నెలనెలా పట్టిక మీద గీతగా గీస్తుంది. అక్కడి బాధ మనకు తలకిందులు. బిడ్డ బరువు పెరగాలి. గీత అడ్డంగా పోతే ఆమె బిడ్డను తిట్టదు, తల్లిని వెక్కిరించదు. "జ్వరమొచ్చిందా? విరేచనాలా? తిండి తినట్లేదా?" అని అడుగుతుంది. కారణం దొరికితే సరిచేస్తుంది, మళ్లీ నెలకు రమ్మంటుంది. మన గీత అడ్డంగా పోయినప్పుడు మన మీద మనం ఆ మాత్రం దయ చూపలేమా?

ఇంకొకటి. మాల వేసుకుని 41 రోజులు కఠిన నియమంతో గడిపేవారిని మనమెరుగుదుం. ఇరుముడి సమర్పించాక మాల తీసేస్తారు. దీక్షకు ముగింపు ఉంది. ఒంటి సంరక్షణకు ముగింపు లేదు. దీక్షలా మొదలుపెట్టినదాన్ని దినచర్యగా మార్చుకోవలసిన సమయమే ఈ బరువు ఆగిన కాలం. పండుగనాడు బూరెలు తినండి, మర్నాడు నడకకు వెళ్లండి. జన్మంతా చేయలేని నియమాన్ని ఈ నెల కూడా పెట్టుకోకండి. రెండు మూడు నెలలు పెరగకుండా నిలబెట్టుకోవడమే లక్ష్యంగా పెట్టుకున్నా తప్పులేదు. నిలబెట్టుకోవడం నేర్చినవారికి మళ్లీ తగ్గడం తేలికవుతుంది.

ఈ రాత్రి ఒక నోటుపుస్తకం తీసి నాలుగు గళ్లు గీయండి: ఈ వారం నడిచిన రోజులు, కండరాలకు పని చెప్పిన రోజులు, ఈ నెల ఇంట్లో నూనె, నడుం కొలత. బరువు గడిని అయిదోదిగా చివర పెట్టండి. మొదటి మూడూ మీ చేతిలో ఉన్నవి. వాటిని సరిగ్గా నింపుకుంటూ పోండి. అయిదో గడి తన తీరికను బట్టి కదులుతుంది. కదలని నెలలో కూడా పై గళ్లు నిండుతున్నాయంటే, ఆ నెల మీరు వృథా చేసుకోలేదన్నమాటే.