వియ్యాలవారి ఊళ్ళో అంగడి

బాన్సువాడ సంబంధం అనగానే మా ఆవిడ ముఖం చిన్నబోయింది. అమ్మాయీ అబ్బాయీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. చదువు, ఉద్యోగం, కుటుంబం అన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడ బెంగల్లా ఒక్కటే: "ఏలూరులో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడి తిండికి తట్టుకోగలదా?"

"చూచి వద్దాం పద" అన్నాను.

నిజామాబాదుకు నైరుతిగా, కామారెడ్డి జిల్లాలో ఉన్నదీ ఊరు. బీడుభూములను ఊహించుకుంటూ వెళ్ళిన మాకు బస్సు కిటికీలోంచి రెండువైపులా వరిచేలే కనిపించాయి. అంతా మంజీర చలవ! 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు కాలువల వెంట వచ్చి ఈ నేలను పచ్చగా చేశాయి. ఆ నీళ్ళను నమ్ముకుని కోస్తా రైతులెందరో ఇటు తరలివచ్చారు. వాళ్ళ పల్లెలను ఈనాటికీ "క్యాంపు" అంటారు.

"చూశావా, మన అమ్మాయికంటే ముందే మనవాళ్ళు వచ్చారు" అన్నాను. ఆవిడ పలకలేదు.

కాబోయే వియ్యపురాలు మమ్మల్ని ముందుగా అంగడికి తీసుకువెళ్ళింది. ఇక్కడ అంగడి అంటే వారపు సంత. పచ్చజొన్నలు, నువ్వులు, పల్లీలు, పసుపుకొమ్ములు రాసులు పోసి ఉన్నాయి. పసుపుకు నిజామాబాదు పెట్టింది పేరు. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయాన్ని 2025లో అక్కడే ప్రారంభించారు. మా ఆవిడ ఒక కొమ్ము విరిచి, రంగు చూచి, బేరమాడకుండా రెండు కిలోలు కొన్నది. ముప్పయ్యేళ్ళ సంసారంలో అటువంటి వింత నేను చూడటం అదే మొదటిసారి.

ఇంట్లో భోజనానికి జొన్నరొట్టె, వంకాయకూర. అన్నంలోకి పొయ్యి ఎక్కించకుండానే చేసే పచ్చిపులుసు. నేను రెండు రొట్టెలు తిన్నాను. ఆవిడ సగంతో ఆపింది.

సాయంత్రం వియ్యపురాలు వేడివేడిగా మరొకటి తెచ్చిపెట్టింది.

"గిది సర్వపిండి. తినుండ్రి వదినా!"

బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు, కారం కలిపి, గిన్నె అడుగున పలచగా తట్టి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి సన్నని సెగమీద కాల్చినది. మా ఆవిడ ఒక ముక్క కొరికి ఆగిపోయింది.

"ఇది మా అమ్మ చేసే తపాలచెక్కేనండీ!"

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. కారానికో, తల్లి జ్ఞాపకానికో నేను అడగలేదు.

"మరి పెండ్లికి సకినాలు మీరే తేవాలె" అంది వియ్యపురాలు నవ్వుతూ. ఆడపిల్లవారు సకినాలు తీసుకురావడం ఇక్కడి మర్యాద. వాము, నువ్వులు కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్ళతో నులుముతూ, గుడ్డమీద చుట్లు చుట్లుగా తిప్పి, ఆరాక నూనెలో వేయించాలి.

మా ఆవిడ కొంగు బిగించి వంటింట్లోకి నడిచింది. మూడుసార్లు చుట్టు తెగింది. నాలుగోసారి నిలిచింది.

ఈలోగా మా బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. ముహూర్తం సంగతి భోజనాల దగ్గరే తేలిపోయింది.