గ్యాస్ అనుకున్నాం డాక్టరు గారూ

ఛాతీ నొప్పితో పెద్దవాళ్లను తీసుకొచ్చే ఇళ్లవాళ్ల నోట నేను ఎక్కువగా వినేది ఈ మాటే. నొప్పి మొదలై ఎంతసేపైందంటే లెక్క గంటల్లో చెబుతారు. ఈలోగా సోడా తాగించి ఉంటారు, వాము నమిలించి ఉంటారు, ఆర్‌ఎంపీ చేత సూది వేయించి ఉంటారు. ఈసీజీ మాత్రం తీయించి ఉండరు. వినీ వినీ నాకు కడుపు మండిపోతుంది.

డెబ్బై దాటిన పెద్దావిడ. షుగరుంది. రాత్రి పదకొండింటికి పొట్ట పైన పట్టేసినట్టయింది, ఒళ్లంతా చెమట, వాంతులు. తెల్లారాక మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చారు. ఈసీజీలో గుండె కింది భాగం దెబ్బతిన్నట్టు తెలిసిపోయింది. ఆస్పిరిన్ నమిలించాం, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాం, యాంజియో చేసే ఆసుపత్రికి పంపాం. బతికింది గానీ గుండె బలం బాగా తగ్గిపోయింది.

"రాత్రే ఎందుకు లేపలేదమ్మా?" అన్నాను.

"అబ్బాయి డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చాడు బాబూ, పడుకోనిద్దామనుకున్నా."

కొడుకు మంచం పట్టె పట్టుకుని తలొంచుకు నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవర్ని కోప్పడను?

గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే అక్కడి కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంది. చచ్చిన కండరం మళ్లీ రాదు. గడ్డ కరిగించే మందు మొదటి రెండు మూడు గంటల్లో చేసే మేలు పన్నెండో గంటకు చేయలేదు. పైగా వయసు మళ్లినవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఛాతీ నొప్పే రాకపోవచ్చు. ఆయాసం, చెమట, వాంతి, చెప్పలేనంత నీరసం, ఇంతే. పక్కింటివాళ్లు సార్బిట్రేట్ మాత్ర ఇచ్చి నాలుక కింద పెట్టుకోమంటారు. బీపీ ముందే పడిపోయి ఉంటే అది ప్రాణం మీదికే వస్తుంది.

2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్స్ ఈనాటికీ డబ్బు తీసుకోకుండానే వస్తుంది. సైరన్ మోగితే వీధంతా లేస్తుందని మొహమాటపడి ఆటో కోసం వెతుకుతారు. లేవనివ్వండి! మనిషిని నడిపించకండి, మెట్లు దింపకండి, స్ట్రెచర్ వచ్చేదాకా ఆనుకుని కూర్చోనివ్వండి.

ఆసుపత్రికొచ్చాక ఈసీజీకి పది నిమిషాలు చాలు. అది మామూలుగా ఉన్నా మళ్లీ తీస్తాం, గుండె దెబ్బను పట్టిచ్చే ట్రోపోనిన్ రక్తంలో ఉందేమో చూస్తాం. అన్నీ చూశాక గ్యాసేనని తేలితే, ఆ సంగతి మీకు నా నోటితోనే చెప్పి ఇంటికి పంపుతాను. అర్ధరాత్రి లేపారని నేను విసుక్కోను.